కంగారు తీగ

మా వంశంలో చేప తిన్నవాళ్ళు లేరు. చేపల గురించి మాట్లాడినవాళ్ళూ లేరు. అలాంటిది యూనివర్సిటీలో లెక్కలు చెప్పి రిటైరై, ఆస్ట్రేలియాలో, అడిలైడ్‌లోని ఈ మాసన్ లేక్స్‌లో ప్రశాంతంగా ఉందామనుకున్న నా పక్కింట్లోకి అలివేలు వచ్చి చేరింది. ఇప్పుడు నన్ను నిద్రలో లేపి అడిగినా కార్ప్ చేపకి ఎన్ని మీసాలుంటాయో చెప్పగలను. మనిషి ఎంత చదువుకున్నా పక్కింటివాళ్ళ చేతిలో చెడిపోక తప్పదు.

అలివేలుది కైకలూరు దగ్గర పల్లె. వాళ్ళ నాన్న చేపల చెరువుల మీద పనిచేసేవాడు. తను జువాలజీతో బీఎస్సీ చదివి, పెళ్ళయ్యాక వంశీధర్ వెంట ఇక్కడికొచ్చింది. అతనికి టెక్నాలజీ పార్కులో ఉద్యోగం. ఈమెకి ఏది దొరికితే అది. కొన్నాళ్ళు చైల్డ్‌కేర్, కొన్నాళ్ళు ఆస్పత్రి వంటగది, ఆ తర్వాత సూపర్‌మార్కెట్‌లో చేపల కౌంటర్.

"ఐసు మీద చచ్చిపడున్నోటిని చూసీ చూసీ విసుగొచ్చేసిందండీ శేషు ఆంటీ. ఈత కొట్టే చేపని చూసి ఎన్నేళ్ళయిందో" అనేది. నేను ముక్కు మూసుకునే సానుభూతి చూపించేదాన్ని.

ఇక్కడి నీటి మడుగుల్ని చూసుకునే ఆఫీసు ఒకటుంది. వాళ్ళ చేపల సర్వేకి మనిషి కావాలని తెలిసి అలివేలు అప్లై చేసింది, జూన్ చలిలో చేరింది. డిసెంబర్ దాకా ప్రొబేషన్. గుండెల దాకా వచ్చే రబ్బరు ప్యాంటు తొడుక్కుని, మోకాలి లోతు బురదలో నిలబడి తీయించుకున్న ఫొటో కైకలూరు దాకా వెళ్ళింది. ఆ ఫొటోలో ఆమె నవ్వినట్టు పెళ్ళి ఫొటోలో కూడా నవ్వలేదు. రెండూ చూశాను కనుక చెబుతున్నాను.

ఆగస్టులో కొంప ముంచింది.

అది అర్థం కావాలంటే ఒక పేరు తెలియాలి. కార్ప్ అని ఇంగ్లీషువాళ్ళు పిలిచే చేపని మన చెరువుల దగ్గర బంగారు తీగ అంటారట. అక్కడ అది డబ్బిచ్చే చేప, పిల్లల్ని తెచ్చి మరీ పెంచుతారు. ఇక్కడ అదే శత్రువు. అడుగునున్న బురదంతా కెలికి, నాచు పీకి, నీళ్ళని టీ రంగులోకి మార్చి, ఈ దేశపు చిన్న చేపలకి నిలవ నీడ లేకుండా చేస్తుంది. పట్టుబడితే మళ్ళీ నీళ్ళలోకి వదలకూడదు. గోల్డ్‌ఫిష్ కూడా ఇక్కడికి బయటినుంచి వచ్చిందే, కానీ దాని సంగతి తీరిగ్గా చూసుకోవచ్చంటారు.

ఆ రోజు మా పేట బడి వెనక మడుగులో చేపలు గుంపుగా కదలడం అలివేలు ఒక్కతే చూసింది. సరిగ్గా అప్పుడే వాళ్ళ బాస్ గ్రెగ్ ఫోన్ చేశాడు. అక్కడున్నవి ఏం చేపలని అడిగాడు. ఆమె మనసులో బంగారు తీగ, బంగారు తీగ అని మోగిపోతోంది. ఫోన్లోనేమో ఇంగ్లీషు. బంగారాన్ని గోల్డ్ చేసింది. తీగని ఏం చేయాలో తోచక ఫిష్ చేసింది.

"గోల్డ్‌ఫిష్" అంది. అయితే తొందరేమీ లేదని గ్రెగ్ వలల్ని వేరేచోటికి పంపించాడు. సెప్టెంబర్‌కల్లా బంగారు తీగలు గుడ్లు పెట్టేశాయి, మడుగు నీళ్ళు బురదయిపోయాయి. ఆఫీసంతా మళ్ళీ మొదటినుంచీ వలలు లాగవలసి వచ్చింది.

తప్పెలా జరిగిందో అలివేలు దాచకుండా చెప్పింది. గ్రెగ్‌కి ఆ పేరు నోరు తిరగలేదు.

"బ్యాంగరూ టీగా? కంగారూ లాగానా?" అన్నాడట. అంతే, ఆఫీసులో కార్ప్ పేరు కంగారూ టీగా అయిపోయింది.

"నేను కంగారుపడి అన్నానండీ ఆంటీ, ఆళ్ళేమో కంగారూ అంటన్నారు" అని మా వంటింట్లో కూర్చుని ఏడ్చింది. నాకు నవ్వాగలేదు. ఆమె కూడా ఏడుస్తూనే నవ్వింది. తర్వాత అసలు సంగతి బయటపెట్టింది. గ్రెగ్ నవ్వడం అయ్యాక తలుపు వేసి, సర్వే అంటే చూసినవాళ్ళ మాటేననీ, మాట నమ్మలేకపోతే మనిషిని పెట్టుకోవడం అనవసరమనీ చెప్పాడట. ఇంకోసారి ఇలా జరిగితే డిసెంబర్ తర్వాత పని ఉండదు. అతను చెప్పిందాంట్లో తప్పేముంది? అందుకే నాకు మరీ ఒళ్ళు మండింది.

ఇదిలా ఉండగా ఆ బడిలోనే అయిదో తరగతి చదువుతున్న అలివేలు కూతురు తన్మయి క్లాసువాళ్ళు ఏడాదంతా ఒక గాజు తొట్టిలో చిన్న చేపల్ని పెంచారు. ఊదా చుక్కలున్న దేశవాళీ చేపలు, వేలెడంత ఉంటాయి. మడుగు శుభ్రం కాగానే వాటిని అందులో వదలాలి. ఒక్కొక్కళ్ళు ఒక్కో చేపకి పేరు పెట్టుకున్నారు. తన్మయి తన చేపకి ఉప్మా అని పెట్టింది. నా జీవితంలో నేను ఆదరించిన చేప అదొక్కటే.

నవంబర్ మధ్యలో ఆ రోజు వచ్చింది. పిల్లలంతా మూతలున్న డబ్బాల్లో చేపల్ని పట్టుకుని గట్టు మీద వరసగా నిలబడ్డారు. పెద్దవాళ్ళు ఫోన్లు పైకెత్తారు. నన్ను కూడా తోడు రమ్మంటే వెళ్ళాను. గ్రెగ్ చివరిసారి చూద్దామని వల లాగాడు. నాచుతోబాటు అరచెయ్యంత చేప ఒకటి పడింది. ఇత్తడి రంగు, నున్నటి పొలుసులు.

"గోల్డ్‌ఫిష్. ఒకటీ అరా ఉన్నా పరవాలేదు, కానిద్దాం" అన్నాడు గ్రెగ్.

అలివేలు చేతులు తడుపుకుని ఆ చేపని తీసుకుంది. దాని మూతి దగ్గర కళ్ళు పెట్టి చాలాసేపు చూసింది. గోల్డ్‌ఫిష్‌కి మీసాలుండవు. కార్ప్‌కి నాలుగు. ఈ చేపకి మూతి మూలల్లో చెరొకటి, కనీ కనబడనంత సన్నంగా, మొత్తం రెండే ఉన్నాయి.

"ఇది గోల్డ్‌ఫిష్ కాదు" అంది.

గ్రెగ్ తలెత్తాడు. "గోల్డ్‌ఫిష్ గురించి నువ్వా చెప్పేది, అలివేలూ?" అన్నాడు. కఠినంగా అనలేదు, సరదాగానే అన్నాడు. ఆఫీసువాళ్ళు ఇద్దరు కిసుక్కుమన్నారు. అలివేలు కూతురి వైపు చూసింది. తన్మయి ఉప్మా డబ్బాని రెండు చేతులా గుండెకి పట్టుకుని, చెప్పొద్దు, ప్లీజ్ అన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది. ఊరుకుంటే అందరికీ సంతోషం. మాట్లాడి తప్పయిందా, ఉద్యోగం పోతుంది. నిజమైతే పిల్లల పండగ పోతుంది. నేనైతే ఊరుకునేదాన్నేమో.

ఆమెకి మీసాన్ని ఇంగ్లీషులో ఏమంటారో ఆ క్షణాన గుర్తురాలేదు. ఒక చేత్తో చేపని అతని ముఖం ముందు పెట్టి, ఇంకో చేత్తో తన పై పెదవి దగ్గర లేని మీసం మెలేసి చూపించింది. పిల్లలు గొల్లుమన్నారు. గ్రెగ్ మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. చేపని తిప్పి రెండోవైపు కూడా చూశాడు.

"హైబ్రిడ్. సగం కార్ప్" అన్నాడు చివరికి. "కానీ దీని తల్లీతండ్రీ ఎవరైనా, వాటిని మనం పట్టేసి ఉంటాం కదా?"

"ఇది తప్పించుకుంది కదా? అంటే దాక్కునే చోటు ఎక్కడో ఉంది. అక్కడ ఇంకేం ఉన్నాయో చూడాలి" అంది అలివేలు. ఈసారి ఇంగ్లీషు తడబడలేదు.

గ్రెగ్ మడుగు నీళ్ళు తోడించాల్సిందేనని, పిల్లల్ని వెనక్కి తీసుకెళ్ళమని టీచర్లకి చెప్పాడు.

"ఇట్స్ జస్ట్ టూ విస్కర్స్, మమ్!" అని అరిచింది తన్మయి. ఆ తర్వాత వాళ్ళమ్మతో మాట్లాడడం మానేసింది. మామూలుగా అయితే అమ్మ తెలుగులో అడిగితే ఈ పిల్ల ఇంగ్లీషులో జవాబిస్తుంది. ఇప్పుడు అదీ లేదు.

"పనిపోతే పోనివ్వండి ఆంటీ. మళ్ళీ చేపల కౌంటర్‌కి పోతాను. ఇదేంటండీ, నన్ను చూడగానే మొహం తిప్పేసుకుంటంది" అనేది అలివేలు. ఆమె భయం నాకు తెలుసు. మడుగు తోడి చూశాక ఏమీ దొరక్కపోతే, పిల్లల పండగ చెడగొట్టిన మనిషిగానే మిగిలిపోతుంది.

బడి అయ్యాక తన్మయి మా ఇంట్లోనే ఉంటుంది. ఒకరోజు ఉప్మా తింటూ, ఉన్నట్టుండి అడిగింది. "ఆంటీ, హైబ్రిడ్ అయితే వాట్స్ రాంగ్? ఐ యామ్ కైండాఫ్ మిక్స్‌డ్ టూ."

"నువ్వు బురద కెలకవుగా" అన్నాను.

అది చెంచాతో ఉప్మా మాత్రం కెలుకుతూనే ఉంది.

పంపులు పెట్టి మడుగు నీళ్ళు తోడడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళ తర్వాత అలివేలు గోడవతలనుంచే నన్ను కేకేసింది. వాననీళ్ళు వచ్చే గొట్టం మూతి దగ్గర, రెల్లు వేళ్ళ కింద పెద్ద బొరియ ఉంది. నీళ్ళు అడుగంటేదాకా ఎవరికీ కనబడలేదు. అందులోంచి మోచేతి పొడవున్న బంగారు తీగ ఒకటి, దాని వెనకాల ఇంకో నాలుగూ బయటపడ్డాయి. గ్రెగ్ బురదలో నిలబడి, రెండు చేతులూ పైకెత్తి "కంగారూ టీగా! అలివేలూ, కంగారూ టీగా!" అని అరిచాడట.

"ఈసారి ఎక్కిరింపు కాదండీ ఆంటీ" అంది. ఆ మొహంలో వెలుగు చూసి నాకు కళ్ళు చెమర్చాయి. చేపల వల్ల నాకిలాంటి గతి పడుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

తన్మయి వాళ్ళమ్మ పక్కనే నిలబడి ఉంది. "సో, అవి లోపల ఉంటే ఉప్మా బేబీస్ బతికేవి కాదా?" అని అడిగింది. అన్నిరోజులకి అదే మొదటి మాట. అలివేలు తల అడ్డంగా ఊపింది. ఆ పిల్ల సారీ చెప్పలేదు. వాళ్ళమ్మ బురద రబ్బరు ప్యాంటు కడగడానికి గొట్టం పట్టుకుంది.

మడుగు మళ్ళీ నిండింది. బడి సెలవులకి మూసే వారంలో పిల్లలు మళ్ళీ గట్టు మీదికొచ్చారు. ఈసారి ఎండ చురుక్కుమంటోంది. గ్రెగ్ వల లాగాడు. పడినదంతా పళ్ళెంలో పోసి, తను చూడకుండానే అలివేలు ముందు పెట్టాడు.

"ఇది నువ్వే చెప్పాలి. నువ్వు సరేనంటేనే వదులుదాం. ఇది అయ్యాక జనవరి పనుల గురించి మాట్లాడుకుందాం" అన్నాడు.

జనవరి అనే మాట నాకు వినబడింది. అలివేలుకీ వినబడే ఉంటుంది, కానీ తల ఎత్తలేదు. పళ్ళెంలో నాచు విడదీసింది, నీటిపురుగుల్ని పక్కకి తోసింది, చిట్టి రొయ్యల్ని ఒక్కొక్కటే చూసింది. ఒక్క చేప కూడా లేదు. ఇంకో చోట వల వేయించి మళ్ళీ చూసింది. పిల్లలు, టీచర్లు, ఆఫీసువాళ్ళు అందరూ ఆమె మాట కోసం ఎదురు చూస్తున్నారు. అలివేలు లేచి నిలబడింది. అంతమంది కళ్ళు తన మీదే ఉండేసరికి మళ్ళీ కంగారొచ్చింది, ఇంగ్లీషంతా ఎగిరిపోయింది.

"వదలండి!" అంది గట్టిగా.

ఎవరికీ అర్థం కాలేదు. గ్రెగ్ అయోమయంగా అటూ ఇటూ చూశాడు. నేను నోరు తెరిచేలోపే వరసలోంచి తన్మయి ఒక అడుగు ముందుకేసింది.

"షీ సెడ్ లెట్ దెమ్ గో" అంది అందరికీ వినబడేలా. తర్వాత తల్లివైపు తిరిగి, ఎప్పుడూ లేనిది, తెలుగులో అడిగింది. "అమ్మా, నేను ముందు వదలనా?"

అలివేలు తల ఊపింది. తన్మయి గట్టు అంచున మోకాళ్ళ మీద కూర్చుని డబ్బా మెల్లగా వంచింది. ఉప్మా నీళ్ళ అంచున ఒక్క క్షణం ఆగి, నాచులోకి వెళ్ళిపోయింది. అందరూ చప్పట్లు కొడుతూ మడుగు వైపు చూస్తున్నారు. అలివేలు మాత్రం కూతుర్నే చూస్తోంది.