తోడు వచ్చినవారికి టికెట్ లేదు

కామారెడ్డిలో మేము గేమింగ్ పోటీ పెట్టినప్పుడల్లా మధ్యాహ్నానికి యంత్రాలు వేడెక్కి, హాలంతా మాడిన ప్లాస్టిక్ వాసన వస్తుంది. మా వాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే ఎల్లారెడ్డిలో మా వీధి ముంతాజ్ ఆపా ఇంటి ముందుగది కళ్లముందుకొస్తుంది.

భర్త గల్ఫ్ నుంచి తెచ్చిన గేమ్ బాక్సును టీవీకి తగిలించి, ఆపా ఆ గదినే దుకాణం చేసింది. నాకు పుట్టుకతో నడక లేదు, ఎడమచేతికి పట్టు లేదు. "ఇంట్ల కూసుండి ఏం జేస్తవ్, రా" అని ఆమే పిలిచింది. ఆట రిమోట్‌ను పాత చున్నీ పేలికతో పీటకు కట్టి నా ఒళ్లో పెట్టింది. కుడిచేత్తో కొన్ని మీటలు, ఎడమ మోచేత్తో కొన్ని నొక్కేవాణ్ణి. నన్ను కూర్చోబెట్టడానికి, పీట జారితే సర్దడానికి పక్కన ఒకరు ఉండాల్సిందే. ఆపా దగ్గర ఆడేవాళ్లే పైసలివ్వాలి. తోడు వచ్చినవాళ్లకైతే ఎదురు చాయ్ కూడా దొరికేది.

ఫుట్‌బాల్ ఆటలో అందరినీ ఓడించేవాణ్ణి. కానీ లోపల ఒక అనుమానం తొలిచేది. "పాపమని గెలిపిస్తున్నరా ఆపా?" అని ఒకరోజు అడిగేశాను.

"నాకేం ఎర్క బిడ్డా? నువ్వెవరో తెల్వనోళ్లతోని ఆడి సూడు. గప్పుడు తెలుస్తది" అంది.

నేను డిగ్రీలో ఉండగా కామారెడ్డిలో పెద్ద పోటీ పడింది. అమ్మ బీడీలు చుట్టిన డబ్బుతో ఫోన్లో టికెట్ తీసుకున్నాం. దాని ధరే ఎక్కువనుకుంటే, మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు బుకింగ్ ఫీజు వేరే. ఆపా దుకాణం పద్ధతే లోకం పద్ధతి అనుకుని, ఆ ఒక్క టికెట్‌తో నేనూ ఆపా పోటీకి బస్సెక్కాం. అంత తెలివిగలవాళ్లం!

గుమ్మం దగ్గర కుర్రాడు ఆపాను ఆపేశాడు. "లోపలికొచ్చే ప్రతి మనిషికీ టికెట్ ఉండాలి మేడమ్."

"నేను ఆట సూడనీకి రాలే బాబూ. వీన్ని కూసోబెట్టనీకి వచ్చిన. ఆడేది ఒక్కడు, టికెట్లు రెండా?"

నిర్వాహకుడు వచ్చాడు. మర్యాదస్తుడే. ముందు నేను స్టేజీ ఎక్కి, నా కష్టాల గురించి నాలుగు ముక్కలు మాట్లాడితే, ఇద్దరినీ ఉచితంగా లోపలికి పంపిస్తానన్నాడు. ఆపా నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. ఆట నీది."

"ఆడనీకి వచ్చిన ఆపా. ఏడిపించనీకి రాలే."

"చల్, పోదాం" అంది. నా చక్రాల కుర్చీని వెనక్కి తిప్పింది.

మాట అయితే గట్టిగా అన్నాను కానీ, బస్సులో ఏడుపు ఆగలేదు. ఆపా ఓదార్చలేదు. "వాళ్ల హాలు వాళ్లది. మనకు ఇల్లు లేదా?" అంది. ఊరు చేరేలోపు ఎవరెవరికి ఫోన్ చేయాలో ఆలోచించేసింది. రెండు వారాలకు ఆమె వాకిట్లో మా సొంత పోటీకి షామియానా లేచింది. ఆటగాళ్లకు చిన్న రుసుం, తోడు వచ్చినవారికి ఏమీ లేదు. తాడ్వాయి నుంచి, దోమకొండ నుంచి నాలాంటివాళ్లు చంకకర్రలతో వచ్చారు, అన్నల వీపుల మీద వచ్చారు. కామారెడ్డి హాల్లో గెలిచిన కుర్రాడూ వచ్చాడు, మమ్మల్ని చిత్తు చేద్దామని.

వాడితో నా ఆట పడింది. పీట జారితే ఆపా సర్దుతోంది, నేను ఆడుతున్నాను. చివరి నిమిషంలో గోల్ కొట్టి గెలిచాను. వాడు రిమోట్ విసిరేసి, నాతో చేయి కలపకుండా బయటికి వెళ్లిపోయాడు. అందరూ వాణ్ణి తిట్టారు. నాకు మాత్రం వాడిని ముద్దు పెట్టుకోవాలనిపించింది. జాలిపడి ఓడినవాడికి అంత కోపం ఎందుకొస్తుంది?

"తెలిసిందా?" అంది ఆపా.

ఆపా పోయి ఏడాది దాటింది. నేనిప్పుడు పోటీలు నడుపుతున్నాను. తోడు వచ్చేవారికీ టికెట్ పెడితే హాలు అద్దెకు సరిపోతుంది కదా అని మా వాళ్లు ప్రతిసారీ సణుగుతారు. సణగనీ అనుకుంటాను. పోయిన నెల భిక్నూర్ నుంచి ఒకామె కూతుర్ని ఎత్తుకుని వచ్చింది. గుమ్మంలో ఎవరూ ఆపలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె నాకు దండం పెట్టలేదు, కృతజ్ఞతలు చెప్పలేదు. సొంతింట్లోకి వెళ్లినట్టు నేరుగా లోపలికి నడిచి, "మా పిల్ల ఆట ఎన్నింటికి?" అని దబాయించింది. నా ఛాతీ ఉప్పొంగింది.