మల్లేశం లింకు ఎందుకు తెరుచుకోలేదు

2022లో నేను దుబాయ్‌లో, డేరా అనే పేటలో ఉన్న ఒక చిన్న కంపెనీలో టెక్నికల్ సపోర్టు చేసేదాన్ని. మాది సోషల్ మీడియా యాప్. పేరు చెప్పను, చెప్పినా మీలో చాలామందికి తెలియదు. గల్ఫ్‌లో చేతిపని చేసుకునేవాళ్ళ కోసం పెట్టిన యాప్ అది. మేస్త్రీలు, వెల్డర్లు, టైలర్లు, ఏసీ మెకానిక్కులు తాము చేసిన పనిని వీడియో తీసి అందులో పెట్టుకుంటారు. ఒకరి పనికి ఒకరు లైకులు కొట్టుకుంటారు, వంకలూ పెడతారు. మాది నెల్లూరు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడుతూ పెరిగాను కాబట్టి ఆ రెండు భాషల్లోనూ, హిందీలోనూ వచ్చే ఫిర్యాదులన్నీ నా వాటాకే వచ్చేవి.

మా పనిలో ఒక్కో ఫిర్యాదునూ టికెట్ అంటాం. సమస్య తీరిందనుకున్నాక టికెట్ మూసేస్తాం. ఒక సంగతి ముందే ఒప్పుకుంటాను. టికెట్లు మూయడమంటే నాకు మహా సరదా. రాత్రి గిన్నెలన్నీ తోమి బోర్లించాక వంటింటిని చూసుకుంటే ఎంత హాయిగా ఉంటుందో, సాయంత్రానికి నా జాబితా ఖాళీ అయితే అంత హాయిగా ఉండేది. ఆ సరదాయే ఈ కేసులో నా పరువు తీసింది.

ప్రొఫైల్ లింకు అంటే ఏమిటో కూడా చెప్పాలి. యాప్‌లో ప్రతి మనిషికీ ఒక పేజీ ఉంటుంది, అదే ప్రొఫైల్. 'షేర్' నొక్కితే ఆ పేజీ చిరునామా తయారవుతుంది. దాన్ని ఎవరికి పంపితే వాళ్ళు, మా యాప్ లేకపోయినా సరే, నొక్కి చూసుకోవచ్చు. కొందరు దొంగ లింకులు పుట్టించి ఇంకొకరి పనిని తమదిగా చూపించుకుంటున్నారని అప్పుడే దానికి కొత్తగా ఒక కట్టుదిట్టం చేశాం. లింకు ఇకనుంచి ఎవరిది వాళ్ళ ఖాతాలోంచే పుట్టాలి, పుడుతూనే దానిమీద మా యాప్ ముద్ర ఒకటి పడాలి. ఈ పని చేసింది మా డెవలపర్ సామర్, సిరియా అతను. మంచివాడే కానీ తను రాసిన కోడ్‌లో తప్పుందంటే మొహం మాడ్చుకుంటాడు.

అది మొదలైన కొన్ని రోజులకే, ఒక మంగళవారం, దుబాయ్‌కు దాదాపు వంద కిలోమీటర్ల దూరంలోని రాస్ అల్ ఖైమా నుంచి తెలుగులో వాయిస్ మెసేజ్ వచ్చింది.

"మేడమ్, నమస్తే. నా పేరు మల్లేశం. నా లింక్ కొడితే అసల్ గసొంటి ప్రొఫైలే లేదని అస్తున్నదట. నేనైతే ఈడ్నే ఉన్న గదా."

నాకు నవ్వొచ్చింది. యాప్‌లో ఆయన పేరు వెతికితే ప్రొఫైల్ నిక్షేపంగా ఉంది. నా సొంత ప్రొఫైల్ లింకు తీసి సామర్‌కు పంపితే ఠక్కున తెరుచుకుంది. మా భాషలో దీన్ని రీప్రొడ్యూస్ కాలేదు అంటాం. అంటే వాళ్ళకు వచ్చిన తప్పు మన ఫోన్‌లో మళ్ళీ రాలేదన్నమాట. 'మా వైపు అంతా సరిగానే ఉంది, యాప్ తీసేసి మళ్ళీ వేసుకోండి' అని రాసి టికెట్ మూసేశాను. బుధవారం మళ్ళీ వచ్చాడు, ఈసారి స్క్రీన్‌షాట్‌తో సహా. 'మీ ఇంటర్నెట్ చూసుకోండి' అని రాసి మూసేశాను. గురువారం మళ్ళీ. ఇంకొకరి ఫోన్‌లో తన ఖాతా తెరిచి చూసినా అంతేనట. అయితే ఆయన ఉండే కార్మికుల క్యాంపు వైఫైలోనే ఏదో అడ్డు ఉందని తేల్చి, 'క్యాంపు ఆఫీసులో అడగండి' అని రాసి మూడోసారీ మూసేశాను.

శుక్రవారం వచ్చిన మెసేజ్‌లో నమస్తే లేదు.

"మేడమ్, మీరు మూడుమాట్ల ఖలాస్ అన్నరు. నాది ఇంక గాలే. సోమారం పొద్దుగాల ఇంజనీర్ సాబ్ చూడకుంటే నేను నిజంగనే ఖలాస్."

ఆయన అరవలేదు. అరిచి ఉంటే నాకూ కోపం వచ్చి సరిపోయేది. ఆ నెమ్మది గొంతు విన్నాక సిగ్గేసింది. ఫోన్ చేశాను.

మల్లేశంది జగిత్యాల దగ్గర ఊరు. భవనాల గోడలకు రాతి పలకలు బిగించే మేస్త్రి. ఆయన పనిచేసే కంపెనీ మూతపడుతోంది. వీసా రద్దయ్యాక ఇంకో పని వెతుక్కోవడానికి ఉండే గడువు కొద్దిగానే. అబుదాబిలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో విల్లాలు కట్టే ఒక కంపెనీకి రాతిపని ఫోర్‌మన్ కావాలని తెలిసి అక్కడి ఇంజనీరుతో మాట్లాడాడు. సర్టిఫికెట్లు ఏమున్నాయని ఆయన అడిగితే ఏమీ లేవన్నాడు. పాత ముదీర్, అంటే మేనేజరు, ఒక్క కాగితం కూడా రాసివ్వలేదు. ఉన్నదల్లా మా యాప్‌లో అయిదేళ్ళుగా పెట్టుకుంటూ వచ్చిన పని వీడియోలు. వాటిలో కొన్నింటిని విడిగా పంపాడు కానీ, ఇవి ఎవరివైనా కావచ్చు, తేదీలతో సహా నీ ప్రొఫైల్ చూపించమన్నాడట ఇంజనీరు. సోమవారం పొద్దున ఎవరిని తీసుకోవాలో తేల్చేస్తానన్నాడట. ఇప్పటికి రెండుసార్లు లింకు నొక్కి, అలాంటి ప్రొఫైల్ లేదన్న మాట చూసిన మనిషిని, మా యాప్ వేసుకుని వెతకమని అడిగే ధైర్యం మల్లేశానికి లేదు. ఇప్పటికే అబద్ధం చెప్తున్నానని అనుకుంటున్నాడేమోనని ఆయన భయం.

క్యాంపు బయటికి వెళ్ళి మొబైల్ డేటాతో ప్రయత్నించమన్నాను. వెళ్ళాడు, కాలేదు. వైఫై మీద నేను వేసిన నింద కూడా తేలిపోయింది. సామర్‌ను సర్వర్ లాగ్స్ చూడమన్నాను. లాగ్ అంటే సర్వర్ తన రోజంతా రాసుకునే డైరీ లాంటిది. అందులో మల్లేశం పంపిన ప్రతి లింకు ఎదురుగానూ 'చెల్లదు' అని ఒక్క ముక్కే ఉంది. ఎందుకు చెల్లదో లేదు. "నా ఫోన్‌లో పనిచేస్తోంది, నీ ఫోన్‌లో పనిచేస్తోంది, ఇంకేం చేయమంటావు?" అన్నాడు సామర్. నిజానికి మూడు రోజులుగా నేనూ మల్లేశానికి చెప్తున్నది అదే.

ఆదివారం సెలవు. ఉదయమే మా ఆయన్ని కారు తీయమన్నాను. ఒక్క టికెట్ కోసం రాస్ అల్ ఖైమా దాకా వెళ్ళే సపోర్టును తానెక్కడా చూడలేదని దారి పొడుగునా దెప్పుతూనే నడిపాడు. క్యాంపు దగ్గరి కెఫెటేరియా ముందు మల్లేశం ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. నలభై అయిదేళ్ళుంటాయి. రాతి దుమ్ముకు అరచేతులు తెల్లగా పగిలి ఉన్నాయి. మాకు కరక్ చాయ్ చెప్పి, మేం డబ్బులివ్వబోతే ఊరుకోలేదు. నా ఎదురుగా కూర్చుని లింకు తీసి నాకు పంపాడు. నొక్కితే అదే మాట, అలాంటి ప్రొఫైల్ లేదు. ఉన్న మనిషి నా ముందు చాయ్ తాగుతున్నాడు. అయిదు రోజుల తర్వాత ఆ తప్పు మొదటిసారి నా కళ్ళ ముందు జరిగింది. తప్పు కళ్ళబడిందని ఇలా సంతోషపడటం మా వృత్తికే చెల్లుతుంది.

ఆయన ఫోన్ నా చేతికి తీసుకున్నాను. అప్పుడు చూశాను. తెర మీద పన్నెండూ నలభై. నా ఫోన్‌లో పదకొండూ పది.

"అన్నా, మీ ఫోన్లో టైమ్ తప్పుండాది," అన్నాను.

"తప్పు గాదు మేడమ్. చేతి గడియారం డ్యూటీది. ఫోన్ ఇంటిది."

తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఆయన బిడ్డ చిన్నప్పటి నుంచీ హాస్టల్‌లో ఉండి చదువుకుంది. వారానికి ఒక్కరోజు, సాయంత్రం ఆరింటి నుంచి పది నిమిషాలు వార్డెన్ ఫోన్ ఇచ్చేది. ఇక్కడికి వచ్చిన కొత్తలో, ఇండియా టైముకూ ఇక్కడి టైముకూ ఉన్న గంటన్నర తేడాను కూడాలో తీసెయ్యాలో తికమకపడి రెండు వారాలు వరసగా తప్పిపోయాడు. మూడో వారం ఆ పిల్ల మాట్లాడనని అలిగి కూర్చుందట. అప్పుడు గదిలో పెద్దాయన ఒకాయన మల్లేశం ఫోన్ తీసుకుని, గడియారాన్ని చేత్తో గంటన్నర ముందుకు జరిపి ఇచ్చాడు. గదిలో అందరి ఫోన్లూ అలాగే ఉంటాయట. కొత్తవాడు ఎవరొచ్చినా మొదటి రోజు మంచం చూపిస్తారు, బాత్రూమ్ వరస చెప్తారు, ఫోన్‌లో టైమ్ మార్చి ఇస్తారు.

అప్పుడు నాకు సంగతి తట్టింది. ఆ కొత్త ముద్రలో లింకు ఎప్పుడు పుట్టిందో టైమ్ కూడా ఉంటుంది. ఆ టైమ్ ఫోన్ గడియారం లోంచి వస్తుంది. మల్లేశం ఫోన్ సెట్టింగులో ఊరు దుబాయ్‌గానే ఉంది, గడియారం మాత్రం గంటన్నర ముందు నడుస్తోంది. మా సర్వర్ దృష్టిలో అది ఇంకా రాని కాలంలో పుట్టిన లింకు, అంటే దొంగ లింకు. ఒకసారి అలా తేల్చుకుందంటే ఆ లింకును ఇక ఎప్పటికీ తెరవదు. గదిలో ఇంకొకరి ఫోన్‌లో ప్రయత్నించినా కాకపోవడానికి కారణమూ అదే. బుధవారం ఆయన పంపిన స్క్రీన్‌షాట్ పైభాగాన కూడా ఆ టైమ్ కనిపిస్తూనే ఉంది, అది నాకు చేరిన టైము కన్నా గంటన్నర ఎక్కువ. నేను చూడనేలేదు.

గడియారాన్ని దానంతటదే సరిచేసుకునేలా పెట్టాను. మల్లేశం మొహం చిన్నబోయింది. మరి ఇంటి టైమ్ అని అడిగాడు. ఫోన్‌లో రెండు ఊళ్ళ గడియారాలు పక్కపక్కన పెట్టుకునే వీలుంది. ఇండియాది పైన, దుబాయ్‌ది కింద పెట్టి చూపించాను. ఇండియాది ఇంకొంచెం పెద్దగా కనపడాలన్నాడు. అదీ చేశాను. అప్పుడు మళ్ళీ 'షేర్' నొక్కి నాకు పంపమన్నాను. నొక్కగానే ఆయన ఫొటో, దాని కింద గోడల తర్వాత గోడలు వరసగా దిగుతూ వచ్చాయి. మల్లేశం నా ఫోన్ వైపు వంగి, తన పేజీని ఎవరిదో అన్నట్టు చాలాసేపు చూశాడు. తర్వాత ఆ లింకును ఇంజనీరుకు పంపి, ఫోన్ బోర్లించి బల్ల మీద పెట్టేశాడు. ఇక దానివైపు చూడటానికి భయమేసిందేమో.

సోమవారం పొద్దున్నే సామర్‌కు చెప్పాను. వాళ్ళ గడియారాలు తప్పయితే మనం కోడ్ ఎందుకు మార్చాలన్నాడు. వాళ్ళ గడియారాలు తప్పు కాదని, వాటిలో ఇంకో ఊరి టైమ్ నడుస్తోందని చెప్పాను. ముందు తిరస్కరించిన లింకులన్నీ ఎంతెంత తేడాతో వచ్చాయో చూపించమన్నాను. చూపించాడు. తేడాలు అడ్డదిడ్డంగా లేవు. కొన్ని గంట ముందు, అది పాకిస్తాన్. కొన్ని గంటన్నర, అది మనం. కొన్ని గంటా ముప్పావు, నేపాల్. కొన్ని రెండు గంటలు, బంగ్లాదేశ్. మా సర్వర్ దొంగలని పక్కన పెట్టినవాళ్ళంతా ఇంటి టైమ్‌తో బతుకుతున్నవాళ్ళు. వాళ్ళలో మల్లేశంలా నాలుగుసార్లు అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎవరెవరికి ఏయే పనులు తప్పిపోయాయో మాకు ఎప్పటికీ తెలియదు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు పిండినట్టవుతుంది. సామర్ మొహం మాడ్చుకోలేదు. ముద్రలో టైమ్ ఇకనుంచి ఫోన్‌ది కాకుండా సర్వర్‌దే పడేలా ఆ సాయంత్రానికల్లా మార్చేశాడు. నేను వాళ్ళందరికీ, నాకు వచ్చిన భాషల్లో, తప్పు మాదేనని రాశాను.

మంగళవారం మల్లేశం ఫోన్ చేశాడు. ఇంజనీరు అన్నీ చూశాడట, పైనుంచి కిందిదాకా. ఫోన్ చేసి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడట. అన్నిటికన్నా పాత వీడియోలో గోడ వంకరగా ఉంది, పలకల మధ్య సందులు ఒక తీరున లేవు, దాన్ని ఎందుకు తీసెయ్యలేదని.

"ఏం చెప్పావన్నా?" అని అడిగాను.

"అది తీసేస్తే నేను పని నేర్సుకున్నది ఎట్ల కనవడ్తది సార్ అన్న. నవ్విండు చెల్లె. వచ్చే ఆదివారం సామాన్ పట్టుకొని రమ్మన్నడు."

ఆయన నన్ను చెల్లె అనడం అదే మొదటిసారి. నేను ఆఫీసులో ఉన్న సంగతి మరిచిపోయి బల్ల మీద గట్టిగా చరిచాను. సామర్ ఉలిక్కిపడి చూశాడు.

ఆ తర్వాత కంపెనీ మారాను, ఇప్పుడు సపోర్టు టీముకు నేనే పెద్దను. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజు నేనే పాఠం చెప్తాను. మన ఫోన్‌లో పనిచేసిందంటే మన ఫోన్ బాగుందని మాత్రమే అర్థమని చెప్తాను. అది చెప్పేముందు మల్లేశానికి నేను రాసిన మూడు జవాబులు తెర మీద చూపిస్తాను. ఇంత పని రాని మనిషి ఎవరని ఆ పిల్లలు నవ్వుతారు. కిందికి జరిపితే నా పేరు కనిపిస్తుంది. అది తీసెయ్యమని చాలామంది చెప్పారు. నేను తీసెయ్యలేదు.