వంద బోర్డు దాటాక

మా అక్క మొగుడికి కళ్ళజోళ్ళ షాపు ఉంది. షాపు వెనక చీకటి గదిలో ఒక కుర్చీ, ఎదురుగా గోడమీద అక్షరాల బోర్డు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు చేసే మోసం ఒకటే. చివరి వరస కనబడకపోయినా గడగడా చదివేస్తారు. కళ్ళు చూపించుకోవడానికి వచ్చి, పరీక్షలో ఫస్టు రావాలని చూస్తారు. బావ వాళ్ళను ఇట్టే పట్టేస్తాడు. "ఊహించి చెప్పకండి. మీరు అబద్ధం చెబితే రేపు మెట్లమీద పడేది మీరే" అంటాడు. అనేముందు గొంతు కూడా సవరించుకుంటాడు. ఆ మాటతో ఎంత పెద్దవాడైనా బడిపిల్లాడిలా తలొంచుకుంటాడు.

ఇంతటి సత్యవంతుడికి ఒక పాత స్పోర్ట్స్ కారు ఉంది. రెండు సీట్లు, పొడుగాటి ముక్కు, వయసులో నాకంటే పెద్దది. బయట వాన పడితే లోపలా పడుతుంది. నెలకో ఆదివారం ఊరి బయట రేసు ట్రాకులో పాత కార్ల క్లబ్బువాళ్ళు పందేలు వేసుకుంటారు, బావ అందులో సభ్యుడు. క్లబ్బులో ఆయనకు తుఫాను అని పేరు. అది మెచ్చుకోలు అని బావ నమ్మకం. కంచె దగ్గర నిలబడి వాళ్ళ మాటలు విన్నవాణ్ణి కాబట్టి అసలు సంగతి నాకు తెలుసు. వస్తోంది, వస్తోంది అనడమే తప్ప, ఈ తుఫాను ఏనాడూ తీరం దాటింది లేదు.

ట్రాకులో పొడవాటి తిన్నని దారి ఒకటుంది, దాని చివర గట్టి మలుపు. మలుపు ఇంకా ఎంత దూరమో చెప్పడానికి దారి పక్కన మూడు బోర్డులు పాతారు. మూడు వందల మీటర్లు, రెండు వందలు, వంద. గుండె ఉన్నవాళ్ళు వంద బోర్డు దాకా బ్రేకు ముట్టుకోరు. మా బావ కారు వెనక ఎర్ర లైట్లు మూడు వందల బోర్డు రాకముందే వెలుగుతాయి. మలుపు చేరేసరికి ఆ కారు ఆపరేషనైన మనిషి ఆస్పత్రి వరండాలో నడిచినట్టు ఉంటుంది. వెనకవాళ్ళంతా ఆయన్ను దాటడానికి ఆ చోటే ఎంచుకుంటారు. పెద్దమనిషిని గనక దారి ఇచ్చానంటాడు బావ.

ఇంత మెల్లగా పోయేవాడు కూడా బ్రేకులు అరగ్గొట్టుకోగలడని నేను అనుకోలేదు. అరిగిన బ్రేకులతో ఒకసారి గడ్డిలోకి పోయాడు. మరోసారి ట్రాకు అంచున పేర్చిన పాత టైర్లను గుద్ది, ఊడిన బంపరును సీట్లో పెట్టుకుని ఇంటికి వచ్చాడు. మా అక్క కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. అరిచే అలవాటు లేదు. బంపరు వంక ఒకసారి, మొగుడి వంక ఒకసారి చూసింది.

"ఇంకొక్కసారి ఈ కారు దేన్నైనా గుద్దిందంటే అది ఈ ఇంట్లో ఉండదు. మీరుండాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం" అంది.

బావ ఆ పూట అన్నం కెలికి లేచాడు. నవ్వులాటకు ఎన్నైనా అంటాను గానీ, ఆయన మొహం నిజంగా వెలిగేది ఆ కారు బానెట్ ఎత్తినప్పుడే. అది పోతే మనిషి సగమైపోతాడని నాకూ భయమేసింది. నేను బావమరిదినే గానీ రాతి గుండెవాణ్ణి కాదు కదా.

ఇక బ్రేకుల ఎంపిక మొదలైంది. కొందరు పెళ్ళి సంబంధం కూడా అంత శ్రద్ధగా వెతకరు. బావకు కావలసినవి ఎర్ర రంగు క్యాలిపర్లు, అంటే చక్రం లోపల బ్రేకును బిగించే పట్కార్లు. చక్రం సందుల్లోంచి కనబడాలి, చూసినవాడికి గుండె ఝల్లుమనాలి. తీరా తెప్పించి చూస్తే అవి ఆ పాత చక్రాల్లో పట్టలేదు. వాటిని వెనక్కి పంపేసి, ఉన్నవాటికే వరండాలో కూర్చుని బ్రష్షుతో ఎర్ర రంగు వేసుకున్నాడు. బ్రేకు ఆయిలు పాతబడింది, ట్రాకుమీద మరిగితే పెడల్ ఉత్తిగా కిందికి పోతుంది, మార్చమని మెకానిక్ మొత్తుకున్నాడు. ఆయిలు ఎవడు చూస్తాడని బావ కొట్టిపారేశాడు. మెకానిక్ గుట్టుగా ఆయిలు మార్చేసి, బిల్లులో చక్రాల పాలిష్ అని వేశాడు. బావ సంతోషంగా ఇచ్చేశాడు.

చివరికి ప్యాడ్లు మిగిలాయి. డిస్కును రెండువైపుల నుంచి నొక్కిపట్టే దిమ్మలు అవి, కారును నిజంగా ఆపేవి అవే. బ్రేకుల షాపాయన మా ఇద్దరి ముందు కౌంటరు మీద మూడు రకాలు పెట్టాడు. రోడ్డువి, మధ్యరకం, పూర్తి రేసువి. రేసువి బాగా కాలితేనే పట్టుకుంటాయి. చల్లగా ఉన్నప్పుడు పట్టవని కాదు, పట్టాలా వద్దా అని తీరిగ్గా ఆలోచించుకుంటాయి. అవి కాలాలంటే చివరి క్షణం దాకా ఆగి కాలు బలంగా వేయాలి. అందుకే షాపాయన అందర్నీ అడిగేది ఒకటే ప్రశ్న: ఆ పెద్ద మలుపు ముందు ఎక్కడ బ్రేకు వేస్తారు?

ఖర్మకాలి అదే సమయానికి క్లబ్బులో ఉండే పళ్ళ డాక్టరు కూడా ప్యాడ్లకే వచ్చి ఉన్నాడు. షాపాయన ముందు ఆయన్ను అడిగాడు. వంద బోర్డు దగ్గర అన్నాడు డాక్టరు, గోడకున్న క్యాలెండరు చూస్తూ. తర్వాత మా బావ వంతు. దర్జీ టేపు పట్టగానే పొట్ట బిగబట్టే మనిషిని చూశారా? బావ అచ్చం అలాగే ఊపిరి లోపలికి లాక్కున్నాడు.

"వంద బోర్డు దాటాక" అన్నాడు.

నాకు దగ్గొచ్చింది. షాపాయన మొహంలో ఒక్క గీత కదల్లేదు. ఇద్దరికీ రేసు ప్యాడ్లే కట్టి ఇచ్చాడు.

ఆదివారం పందెంలో బావ కారు వేసిన కీచు అరుపుకు కంచె దగ్గరివాళ్ళు చెవులు మూసుకున్నారు. ఆయన మాత్రం అది రేసు బ్రేకుల సంగీతమన్నాడు. యథాప్రకారం మూడు వందల బోర్డుకు ముందే సుతారంగా కాలు పెట్టాడు, యథాప్రకారం అందరికీ దారి ఇచ్చాడు. ఆ ప్యాడ్లకు గోరువెచ్చదనం కూడా తగల్లేదు. దారిలో ఒక కారు చెడిపోయి ఆగిపోవడం వల్ల ఆఖరు నుంచి రెండోవాడిగా వచ్చాడు. దేన్నీ గుద్దలేదు. ఇంటికి వస్తూ దారి పొడుగునా ఈల వేశాడు. పక్క సీట్లో ఉన్న నాకూ హాయిగానే ఉంది.

మా అక్క ఇంటి గేటు దాటితే షెడ్డుదాకా చిన్న వాలు. షెడ్డులో అక్క రోజూ కాలేజీకి వేసుకెళ్ళే చిన్న కారు నిలిపి ఉంది. బావ బ్రేకు తొక్కాడు. ప్యాడ్లు ఆలోచించుకోవడం మొదలుపెట్టాయి. బావ ఇంకా గట్టిగా తొక్కాడు. అవి ఇంకా ఆలోచిస్తున్నాయి. మనిషి నడిచేంత వేగం కూడా లేదు. తలుపు తీసి కాలు కింద ఆనించినా ఆగేదేమో. రేసు కారు నింపాదిగా వెళ్ళి అక్క కారు వెనక లైటును పగలగొట్టింది. అక్క దండెం మీది బట్టలు తీస్తూ ఆసాంతం చూసింది.

ప్యాడ్లు నాసిరకమని బావ మండిపడ్డాడు. అక్క నన్ను పక్కకు పిలిచి బ్రేకుల షాపులో ఏం జరిగిందని అడిగింది. చెప్పేశాను. అక్క తెచ్చిన బట్టలు మడతపెట్టడం ముగించింది. ఆ తర్వాత మొగుడికి చెప్పిన మాట నేను ఊహించలేదు. రేపు ముగ్గురం షాపుకి పోదాం, ఆయన అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, మీకు తగ్గవి వేయించుకోండి, కారు ఉంచుకోండి అంది. అంతే. అంతకన్నా చవగ్గా ఎవరికైనా క్షమాపణ దొరుకుతుందా?

మర్నాడు షాపులో వేరే ఎవరూ లేరు. మమ్మల్ని చూడగానే షాపాయన కౌంటరు కిందినుంచి మధ్యరకం ప్యాడ్ల పెట్టె తీసి పైన పెట్టాడు.

"మీకోసం అప్పుడే తీసి ఉంచానండీ" అన్నాడు. "నలుగురిలో ఉన్నప్పుడు అందరూ రేసువే కొంటారు. తర్వాత ఒక్కరే వచ్చి మార్చుకుంటారు. పళ్ళ డాక్టరుగారు ఆ సాయంత్రమే వచ్చారు. మీరొక్కరే రాలేదు. అందుకని, మీరు నిజంగానే వంద దాటాక వేస్తారేమో అనుకున్నాను."

ఆ చివరి మాట ఎందుకన్నాడో పాపం. బావ మొహం చూశాను. ఆయన వేగాన్ని నమ్మినవాడు దొరకడం ఆయన జన్మలో అదే మొదటిసారి. వెన్ను నిటారైంది. పెట్టె మీదికి పోబోయిన చెయ్యి ఆగిపోయింది.

"ఇంతకీ ఎక్కడ వేస్తారండీ?" అన్నాడు షాపాయన.

అక్క బావను చూస్తోంది. నేను నేలను చూస్తున్నాను. మూడు వందలు అంటే చాలు. అంతకుముందే అంటే ఇంకా మంచిది.

"వంద దాటాకే" అన్నాడు బావ.

అక్క చెయ్యి చాపింది. బావ జేబులోంచి కారు తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాడు.

కారును పళ్ళ డాక్టరు కొనుక్కుని, మధ్యరకం ప్యాడ్లు వేయించుకుని తిరుగుతున్నాడు. తన వేగానికి ఆ బండి తట్టుకోలేకపోయింది, అందుకే వదిలించుకున్నానని బావ క్లబ్బులో చెప్పాడట. ఎవరూ కాదనలేదట. అంతకుముందు ఆదివారాలు ఆయన ఇంట్లో ఉండేవాడు కాదు. ఇప్పుడు ఉంటున్నాడు, ఉన్నా ఏ గదిలో ఉన్నాడో తెలియడం లేదు.

మొన్న నా చూపు ఎలా ఉందో చూపించుకుందామని బావ షాపుకి వెళ్ళాను. చీకటి గదిలో ఒక ముసలాయన కుర్చీలో కూర్చుని, కళ్ళు చికిలించి, చివరి వరసలోని అక్షరాలు ఒకదాని తర్వాత ఒకటి తప్పుగా చదువుతున్నాడు. గొంతులో తడబాటు లేదు. బావ ఎప్పటిలా వెంటనే పట్టుకోలేదు. ఆయన మొత్తం చదివేదాకా ఆగాడు.

"కనబడకపోతే కనబడలేదని చెప్పండి. ఇక్కడ ఎవరున్నారని సిగ్గు?" అన్నాడు, గొంతు సవరించుకోకుండానే.

ముసలాయన లేదండీ, బాగానే కనబడుతోంది అన్నాడు. బావ తలుపు దగ్గర నిలబడ్డ నన్ను చూసి, ముసలాయన కళ్ళముందు ఇంకాస్త పవరున్న అద్దం పెట్టాడు.