పడిన బండిని లేపగలిగితేనే

ఉద్యోగకాలమంతా ఆసుపత్రి వార్డులో రోగులను లేపి కూర్చోబెట్టిన ఆ నర్సమ్మ, విరమణ పొందిన కొద్దిరోజులకే, మోటారుసైకిలుపై మంచుకొండల దాకా ఒంటరిగా వెళ్లివస్తానని భర్తకు చెప్పింది. బడిలో డ్రాయింగు నేర్పే ఆ పెద్దమనిషి మొదట వేళాకోళమనుకున్నాడు. ఆమె హెల్మెట్టు కొని తెచ్చి అద్దం ముందు నిలబడినప్పుడు వేళాకోళం కాదని తెలిసింది. వద్దనే ధైర్యమూ లేదు, సరేననే మనసూ రాలేదు. పాత బండ్లు కొని అమ్మే తన మేనల్లుడి షెడ్డుకు ఆమె వెంట నడిచాడు.

మేనల్లుడు గున్న ఏనుగులాంటి బండినొకదాన్ని చూపి, దాని వేగాన్నీ ఠీవినీ తెగ పొగిడాడు. ఆమె అదేదీ చెవిన పెట్టక, దాన్ని నేలమీద పక్కకు పడుకోబెట్టమంది.

"పడుకోబెట్టడమేంటత్తయ్యా? గీతలు పడితే ఎవరు కొంటారు?"

"దారిలో పడితే లేపాల్సింది నేనేగా. లేపలేని బండి నాకెందుకురా?"

గోనెసంచులు పరిచి దించారు. ఆమె వార్డు అలవాటు చొప్పున ఎదురుగా మోకాళ్లు వంచి, "లేద్దామా" అని గొణిగి మరీ ఎత్తింది. బండి జానెడు లేచి మళ్లీ చతికిలబడింది.

"అది పేషెంటు కాదత్తయ్యా, మాట వినదు."

"పేషెంట్లు మాత్రం విన్నారా ఏంటి?" అని ఆమె నవ్వింది గాని, ముఖం చిన్నబోయింది. భర్త లోలోపల ఊపిరి పీల్చుకున్నాడు. ఆ వెంటనే తన మీద తనకే రోత కలిగింది.

అంతలో ఆమె దృష్టి మూలనున్న బక్కపలచని బండి మీద పడింది. అది పాలక్యాన్లు మోసిన బండి అనీ, చూసినవాళ్లు నవ్వుతారనీ మేనల్లుడు వారించాడు. నవ్వేవాళ్లుంటే బండి లేపడానికి వాళ్లచేతే ఓ పట్టు పట్టిస్తానని ఆమె బదులిచ్చింది.

దాన్నీ గోనెసంచుల మీద పడుకోబెట్టించింది గాని, ఈసారి ఎదురుగా వెళ్లలేదు. చక్రాలు బిగుసుకున్న ఇనుప మంచాలను వార్డులో నడుముతో నెట్టిన సంగతి గుర్తుకు వచ్చినట్టుంది. కుడిపక్కకు ఒరిగిన బండికి ముందుగా స్టాండు లాగి, వీపు తిప్పి, సీటుకు నడుము ఆనించి, ఒక చేత్తో హ్యాండిలునూ మరో చేత్తో వెనుక కమ్మీనీ పట్టుకుని, మడమలు తన్ని వెనక్కి జరగసాగింది.

ఆయన అప్రయత్నంగా ముందుకు అడుగు వేశాడు.

"మీరు రాకండి. ఆ దారిలో మీరుండరు."

ఆయన కాళ్లు అక్కడే ఆగిపోయాయి. అంత ఇనుమూ నేలను విడిచి, అంగుళమంగుళంగా ఆమె నడుము వెంట లేస్తూంటే కళ్లప్పగించి చూశాడు. ఎముక ఎక్కడ వంగుతుందో, కండ ఎక్కడ బిగుస్తుందో తరతరాల పిల్లలకు గీసి చూపిన మనిషి. ఇంత బలం ఎక్కడ దాగుంటుందో మాత్రం ఏనాడూ గీయలేదు. సీసా మూత రాకపోతే తనను పిలిచే మనిషేనా ఈమె? బండి నిటారుగా లేచి, స్టాండు మీదికి ఒదిగింది.

"ఇక ఇదే ఖాయం చేద్దామా అత్తయ్యా?" అన్నాడు మేనల్లుడు, గొంతు తగ్గించి.

"సామాను కట్టి చూడాలి. దారిలో ఖాళీగా పడదుగా," అందామె రొప్పుతూ.

మేనల్లుడు కదిలేలోగా ఆయనే కదిలాడు. రెండు ఇసుక మూటలు తెచ్చి, ముడి మీద ముడి వేసి బిగించాడు. ఇందాక ఈ పక్కకు పడలేదు కదా అని ఎడమవైపుకు, తన చేతులతోనే, పసిబిడ్డను పక్కమీద వేసినంత నెమ్మదిగా బండిని ఒరగబెట్టాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే గోడ దాకా వెనక్కి నడిచి, చేతులు వెనక్కు కట్టుకుని నిలుచున్నాడు.

ఆమె వీపు తిప్పి సీటుకు నడుము ఆనించింది.