చిన్న డబ్బాలో పెట్రోలు

పిరసికాబా ఊళ్లో చలి దిగిందంటే మెకానిక్ అదెర్బాల్‌కి తలనొప్పులు మొదలు. ఆల్కహాలుతో నడిచే కారు చలికి మొండికేస్తుంది. అందుకే ఇంజను పక్కన చిన్న డబ్బా ఒకటి బిగించి, అందులో పెట్రోలు పోసుకోవాలి. ఆ కాసిని చుక్కలు పడితేనే ఇంజను అందుకుంటుంది. ఇంత చిన్న ముక్క ఊళ్లో ఒక్కడికీ గుర్తుండదు. కారు తోసుకొచ్చి, నీ ట్యూనింగ్ మూణ్ణాళ్లకే పాడైందని దబాయిస్తారు. "చిన్న డబ్బా నింపావా?" అని అరిచి అరిచి అతని గొంతు బొంగురుపోయింది.

పెట్రోలు కార్ల కార్బ్యురేటర్లలో ఇంధనం ఎక్కువ వదిలే పెద్ద జెట్లు వేసి, టైమింగ్ సరిచేసి, వాటిని ఆల్కహాలుకు అలవాటు చేయడమే అతని బతుకుతెరువు. మామగారు జెనెజియోకి అది గిట్టదు. సారా తాగే బండి ఏదో ఒకరోజు నడిరోడ్డు మీద పడుకుంటుందని ప్రతి ఆదివారం భోజనాల దగ్గర ఎత్తిపొడుస్తాడు. నీ పెట్రోల్లోనూ ఆల్కహాలు కలుపుతున్నారు కదా అంటే వినిపించుకోడు. ఆయన పెట్రోలు కారేమో క్లచ్ పోయి ఇంటి ముందే పడి ఉంది. దాన్ని బాగుచేయడానికి మాత్రం ఈ అల్లుడే కావాలి.

ఆ రోజు అత్తగారు ఇరాసీకి కంపీనాస్ పట్నంలో కంటి ఆపరేషన్. ఏడాది ఎదురుచూస్తే దొరికిన తేదీ. వేళకు చేరకపోతే మళ్లీ వరస చివరికే. మిగిలిన ఆ ఒక్క కంటి చూపు అప్పటిదాకా ఆగుతుందన్న నమ్మకం లేదు.

రాత్రి అత్తగారింట్లోనే పడుకున్న అదెర్బాల్ తెల్లవారుజామున తన ఆల్కహాలు కారు తాళం తిప్పాడు. ఇంజను గురగురమని ఊరుకుంది. మళ్లీ తిప్పాడు. బానెట్ ఎత్తి ప్లగ్గులు చూశాడు, చలిని తిట్టాడు, బ్యాటరీ అమ్మినవాణ్ణి తిట్టాడు. గుమ్మంలో మామగారు చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

శాలువా కప్పుకుని ముందు సీట్లో కూర్చున్న ఇరాసీ మెల్లగా అడిగింది.

"అల్లుడూ, చిన్న డబ్బా నింపావా?"

అదెర్బాల్ డబ్బా మూత తీశాడు, ఖాళీ. నిన్న సాయంత్రం బేకరీవాడి కార్బ్యురేటర్ కడగడానికి అందులోని పెట్రోలంతా తనే తోడేశాడు. బంకులు తెరవడానికి ఇంకా చాలాసేపుంది.

జెనెజియో తన కారు దగ్గరికి వెళ్లాడు. ట్యాంకులో గొట్టం పెట్టి నోటితో పీల్చి, పెట్రోలు ఉమ్ముకుంటూ కాఫీ గ్లాసు నిండా పట్టి తెచ్చాడు. ఆల్కహాలు గురించి ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడని అల్లుడు పళ్లు బిగించి నిలబడ్డాడు.

"ముందు మీ అత్తను తీసుకెళ్లవయ్యా," అన్నాడు ముసలాయన. "తిట్టేదేదో రేపు తిడతాలే."

ఇంజను అందుకుంది. అద్దంలో చూస్తే ఆయన ఇంకా మూతి తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆ తిట్టేదేదో ఇప్పుడే తిట్టేసి ఉంటే బాగుండేదనిపించింది అదెర్బాల్‌కి.