తిప్పని పేజీ

పన్నెండేళ్ళ వయసులో నేను అచ్చయిన కాగితం చేతిలో పట్టుకుని, అందులో లేనిది ఉన్నట్టు చదివాను. ఎనిమిది మంది ఆడవాళ్ళు విన్నారు, కళ్ళు తుడుచుకున్నారు, బిందెలు తీసుకుని వెళ్ళిపోయారు. ఎవరూ కనిపెట్టలేదని ముప్పై ఏళ్ళపాటు నమ్మాను. నా తెలివి మీద నాకు మొదటినుంచీ కాస్త గురి ఎక్కువే.

అప్పట్లో మల్కాపురంలో ఉండేవాళ్ళం. నాన్నకి పోర్టులో క్రేను మీద పని. మా వీధిలో ఏడిళ్ళకీ కలిపి ఒకటే వారపత్రిక వచ్చేది. శనివారం నాకు ఒంటిపూట బడి. మధ్యాహ్నం అంట్లు తోముకోవడం అయ్యాక, నాలుగింటికి కుళాయి వచ్చేలోపు, మా ఇంటి మెట్ల మీద అందరూ చేరేవారు. కథలో పడి నీళ్ళు పోగొట్టుకుంటామని బిందెలు ముందే కుళాయి దగ్గర వరసలో పెట్టి వచ్చేవారు. వాళ్ళలో చదవడం వచ్చినవాళ్ళు ఇద్దరే. ఒకావిడకి చత్వారం. రెండో ఆవిడ మా అమ్మ. ఆమెకి ప్రతి వాక్యానికీ తన అభిప్రాయం చెప్పే జబ్బు ఉండేది. అందుకని ఆ పని నాకు వచ్చి పడింది. వీధిలో నా పేరు కూడా మారిపోయింది, అందరికీ 'సదువు పాప'ని అయిపోయాను.

మా మెట్ల మీద ఒక పద్ధతి ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు, బహుశా మా అమ్మ నోరు కట్టడానికే పెట్టి ఉంటారు. చదువుతున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. నేను పేజీ తిప్పినప్పుడు మాత్రం ఎవరి ఏడుపు వాళ్ళు ఏడవచ్చు. అందుకని పేజీ చివరికి వస్తున్నానంటే అందరూ గొంతులు సవరించుకునేవారు. తిప్పగానే ఎనిమిది మందీ ఒక్కసారి మొదలెట్టేవారు. జమీందారుని తిట్టేవాళ్ళు తిడితే, హీరోయిన్ కట్టుకున్న చీర రంగు గురించి అడిగేవాళ్ళు అడిగేవారు. నేను పెద్దమనిషిలా చెయ్యెత్తితే మళ్ళీ నిశ్శబ్దం.

ఆ ఏడాది నడిచిన సీరియల్ ఒక నేతపని చేసే పిల్ల కథ. పాతకాలం, జమీందారీ రోజులు. ఆమె ప్రేమించినవాణ్ణి జమీందారు అన్యాయంగా ఖైదులో వేయిస్తాడు. ఆమె అర్జీ రాయించుకుని కలెక్టరు బంగళాకి కాలినడకన వస్తుంది. ప్రతి వారం పైన 'మన జిల్లాలో నిజంగా జరిగిన కథ' అని వేసేవారు. ఆ ఒక్క ముక్క చాలు మా వాళ్ళకి. ఆ పిల్ల ఏ దారిన నడిచి వచ్చిందో, ఆ బంగళా ఇప్పటికీ ఉందో లేదో అని వాదులాడుకునేవారు.

మెట్ల మీద అందరికంటే కింద, మొదటి మెట్టు మీద కూర్చునేది అక్క. నాకేం చుట్టం కాదు, వీధి చివర గదిలో అద్దెకుండేది. పాతికేళ్ళుంటాయేమో. లారీ డ్రైవర్ని ప్రేమించి, ఇంట్లోంచి వచ్చేసి, కొండ మీద గుడిలో పసుపుతాడు కట్టించుకుంది. ఫొటో లేదు, రసీదు లేదు. అప్పటికి నాలుగు నెలల కిందట ఆయన పచ్చకామెర్లతో పోయాడు. అతని అన్నదమ్ములు పద్మనాభం వైపు పల్లెనుంచి వచ్చి, అసలు పెళ్ళే జరగలేదన్నారు. ఊళ్ళో అతనికి రెండు గదుల ఇల్లుంది. 'నేను అతని భార్యను కాను' అని రాసిన కాగితం మీద వేలిముద్ర వేస్తే గొడవ వదిలిపోతుందని చెప్పారు. మా వీధి పెద్దలకీ అదే మంచిదనిపించింది. ఆదివారం వచ్చి ముద్ర వేయించుకుంటామని చెప్పి వెళ్ళారు.

ఆ ఆదివారం ఇంకా ఎనిమిది రోజులుందనగా, శనివారం మెట్ల మీద ఎవరో ఆమెని, "ఏటి సేత్తావే మరి?" అని అడిగారు.

"ఏటి సేత్తాను? ఆ నేతపిల్ల ఏటి సేత్తాదో సూసి నానూ అదే సేత్తాను," అంది అక్క.

అందరూ నవ్వారు, అక్క కూడా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

తర్వాతి శనివారం చివరి భాగం వచ్చింది. మూడు పేజీలు. నేను ఎప్పటిలాగే పత్రిక తీసుకుని కొట్టు దగ్గరనుంచి ఇంటికి నడుస్తూ చదివేశాను. మొదటి పేజీలో ఆ పిల్ల బంగళా గేటు ముందు నిలబడుతుంది. రెండో పేజీలో కలెక్టరు అర్జీ తీసుకోడు. మూడో పేజీలో ఆమె సముద్రంలోకి నడిచి వెళ్ళిపోతుంది. దారి మధ్యలో ఆగిపోయాను. మా వీధినుంచి సముద్రం ఎంత దూరం! అక్క ముద్ర వేసి ఊరుకుంటుందో, అసలు సముద్రం వైపే నడుస్తుందో. పన్నెండేళ్ళ బుర్రకి ఆ రెండే తోచాయి.

మధ్యాహ్నం మొదటి పేజీ ఉన్నదున్నట్టు చదివాను. గేటు దగ్గరికి వచ్చేసరికి నా కళ్ళు కాగితం మీదే ఉన్నాయి గానీ నోరు సొంతంగా నడిచింది. కలెక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆమెకి కుర్చీ వేయించాడు. "అమ్మా, నీ అర్జీ రెండుసార్లు చదివాను," అన్నాడు. అచ్చం మా హెడ్మాస్టరులా మాట్లాడాడు పాపం, నాకు తెలిసిన పెద్ద అధికారి ఆయనే మరి. ఖైదు తలుపులు తెరిపించాను, ఇద్దరికీ పెళ్ళి చేయించాను, జమీందారు చేత క్షమాపణ కూడా చెప్పించాను. సమాప్తం అన్నాను. అందరూ ఏడుస్తూ ఉండగానే కుళాయి వచ్చింది, పరుగెత్తారు. అక్క మాత్రం లేవలేదు.

"అంతేనా?" అంది.

"అంతే అక్కా."

నా వైపు చూసింది, నా చేతిలో కాగితం వైపు చూసింది. తర్వాత బిందె దగ్గరికి వెళ్ళింది. అప్పటికి నీళ్ళు సన్నబడిపోయాయి.

మర్నాడు ఆ అన్నదమ్ములు వచ్చారు. అక్క చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. "వేలు ఎయ్యను. నాను ఆయన పెళ్ళాన్నో కాదో కోర్టే సెప్పాల," అంది. వీధంతా ముక్కున వేలేసుకుంది. నేను ఇంట్లోకి పరిగెత్తి, ఆ మూడు పేజీలూ జాగ్రఫీ నోటు పుస్తకంలో దాచేశాను. మా వాళ్ళు సీరియల్ పేజీలన్నీ చింపి, సూదీ దారంతో కుట్టి, మైదా జిగురుతో అట్ట అంటించేవారు. ఆ పుస్తకానికి చివరి భాగం లేకుండా పోయింది. వానకి తడిసిపోయిందని చెప్పాను.

రెండేళ్ళ తర్వాత మేము ఇల్లు మారిపోయాం. అక్క గురించి అమ్మ ద్వారా తెలుస్తూ ఉండేది. ఇంకా తేలలేదట. వాయిదా పడిందట. ప్లీడరు మారాడట. కాళ్ళరిగేలా తిరుగుతోందట. నా కల్పిత కలెక్టరు ఐదు నిమిషాల్లో ఇచ్చిన తీర్పు కోసం ఆమె ఏళ్ళ తరబడి బెంచీల మీద కూర్చుంటోంది. ఆ తర్వాత అమ్మకీ కబుర్లు అందడం ఆగిపోయింది.

నేను చరిత్ర చదువుకున్నది ఆ పాపం వల్లేనని చెబితే నవ్వుతారు గానీ, చాలావరకు నిజం. ఇప్పుడు మద్దిలపాలెం దగ్గర ఒక కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతాను. 'నిజంగా జరిగిన కథ' అన్న ఆ ముక్క నన్ను వదల్లేదు. నిజంగా అయితే ఏం జరిగింది? ఆ నేతపిల్ల నిజమైతే, ఆమె గెలిచిందా, మునిగిందా? సెలవుల్లో పాత రికార్డులు తిరగేసేదాన్ని. దుమ్ముకి తుమ్ములు, ఆ తుమ్ములకి లైబ్రరీలో అందరి చూపులు. చివరికి ఒక పాత అచ్చు పుస్తకంలో రెండు వరసలు దొరికాయి. ఫలానా ఊరి సాలె స్త్రీ ఒకతె తన మనిషి విడుదల కోరుతూ అర్జీ ఇచ్చింది, అర్జీ దాఖలు చేసుకోవడమైనది. అంతే. ఆమె పేరు లేదు, ప్రేమ లేదు, తీర్పు లేదు, సముద్రమూ లేదు. ఆ మనిషి మొగుడో, అన్నో కూడా రాయలేదు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. దాఖలు చేసుకున్నవాడు ఇంకొక్క వరస రాస్తే చెయ్యి పడిపోతుందా? తర్వాత నవ్వొచ్చింది. ఖాళీ ఉంది కాబట్టే కదా సీరియల్ రాసినాయన ప్రేమని తెచ్చి అందులో పెట్టాడు. ఆయన న్యాయం చెయ్యలేదని నేను న్యాయం పెట్టాను. ఆయనకి కన్నీళ్ళు కావాలి, నాకు అక్క కావాలి. ఆ సాలె స్త్రీకి ఏం కావాలో మా ఇద్దరిలో ఒక్కరమూ అడగలేదు.

పోయిన చలికాలంలో, కాలేజీకి వెళుతూ మద్దిలపాలెం బస్ డిపో బయట కొత్తిమీర కోసం ఆగాను. కట్టలు కట్టుకుంటున్న ఆవిడ తలెత్తి నన్ను చూసి చెయ్యి ఆపేసింది.

"ఓలమ్మా, నువ్వు సదువు పాపవి కాదేటి?"

జుట్టు నెరిసింది, అంతే. అక్కే. తెల్లారి బస్సుకి ఆకుకూరలు తెచ్చి అమ్ముకుని, మధ్యాహ్నానికి తిరిగి పద్మనాభం బస్సెక్కేస్తుందట. ఆదివారం ఇంటికి రమ్మంది.

వెళ్ళాను. వరి కోసేసిన మళ్ళు దాటి, ఊరి మొదట్లోనే ఆమె ఇల్లు, అవే రెండు గదులు. కాఫీ ఇచ్చింది. గ్లాసు కింద పెట్టకుండానే మొత్తం కక్కేశాను. సముద్రం, కలెక్టరు, జాగ్రఫీ నోటు పుస్తకం, వాన అబద్ధం, అన్నీ.

అక్క తీరిగ్గా విని, "తెలుసు," అంది.

"ఎవరు చెప్పారు?"

"ఎవులూ సెప్పనేదు. ఆ వేళ నువ్వు పేజీ తిప్పనేదు. నాను మాటాడదామని కాసుక్కూసున్నాను. నువ్వెంతకీ తిప్పవే! నాకు అచ్చరాలు రావు గానీ కళ్ళు నేవేటి?"

"మరి తెలిసీ కోర్టుకి ఎందుకు వెళ్ళావక్కా?"

కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు సదవనేకపోయావంటే ఆ పిల్ల ఓడిపోయిందనే కదా. ఓడిపోయిందని సెప్పడానికి నీకు నోరు రానేదు. పరాయి పిల్లకే నోరు రాపోతే, ఆయనకి పెళ్ళాన్ని కాదని నా వేలు నానెలాగ ఎయ్యను?"

ముప్పై ఏళ్ళ బరువు దిగిపోయిందనుకున్నాను. తొందరపడ్డాను. అక్క లేచి ట్రంకుపెట్టెలోంచి పాలిథీన్ కవరు తెచ్చింది. అందులో తీర్పు కాపీ. ఇంగ్లీషులో టైపు చేసింది, మడతల దగ్గర చిరుగుతోంది.

"ఇది వొచ్చి సానా ఏళ్ళయ్యింది. గెలిచావన్నాడు ప్లీడరు. ఇల్లూ ఒప్పచెప్పారు. గానీ మా మరుదులు అప్పటికే మెత్తబడ్డారు. జాలిపడి ఇచ్చారో, పెళ్ళానని కోర్టు సెప్తే ఇచ్చారో నాకు తెల్దు. నాను ఇంటి కోసం ఎల్నేదు, ఆ మాట కోసం ఎల్లాను. ఎవుల సేత సదివించినా నా మొకం సూసి, గెలిచావులే అంటారు. నువ్వూ అలాగే సదివావు కదా. అప్పుటి నుంచీ నాకు ఎవులు సదివినా నమ్మకం కుదరదు."

జాలిపడి చదివితే ఏమవుతుందో నాకు అప్పుడు తెలిసింది. ఆమె గెలుపు ఆమెకి దక్కకుండా ఇన్నాళ్ళూ అడ్డం పడింది నేనే.

"మరి నేను చదివితే నమ్ముతావా?"

"ఒకసారి దొరికిపోయినదానివి, మళ్ళీ సెయ్యవు. ఇదిగో, ముందుగా నీలో నువ్వు సదివేసుకోకు. సదివితే కత అల్లేత్తావు. వేలు పెట్టి సదువు."

వేలు పెట్టి చదివాను. ఇంగ్లీషు వాక్యం చదివి, వెంటనే తెలుగులో చెప్పాను. ముందేముందో నాకూ తెలియదు. పెళ్ళి లేదని రాసి ఉంటే లేదనే చదవాలి, ఈ ఇంట్లో కూర్చుని, ఈమె కాఫీ తాగి. మొదటి పేజీ అంతా అన్నదమ్ములు చెప్పిందే, పెళ్ళి జరగలేదని. అక్క కదల్లేదు. పేజీ తిప్పాను.

"అబద్ధాలు," అంది వెంటనే. మా పద్ధతి మరిచిపోలేదు.

రెండో పేజీలో సాక్షులు. పాత టౌనులో జాకెట్లు కుట్టే సాయిబు కోర్టుకి తన కొలతల పుస్తకం తెచ్చాడట. అక్క కొలతల పక్కన 'పెళ్ళికి, అర్జెంటు' అని రాసి, మిగిలిన గుడ్డముక్క పిన్ను కొట్టి పెట్టుకున్నాడట. అది మిగతా సాక్ష్యాలతో సరిపోయిందని జడ్జి రాశాడు. పేజీ తిప్పాను.

"ఆకుపచ్చ గుడ్డ. ఆయనే కొన్నాడు," అంది అక్క. నేను చెయ్యెత్తలేదు, ఆమె తలూపేదాకా ఆగాను.

మూడో పేజీ అడుగున ఉంది ఆ వాక్యం. ఒకసారి ఆగి, వేలు కదిపి, అక్షరం వదలకుండా చదివాను. పిటిషను వేసిన ఈ స్త్రీ మరణించిన ఆ వ్యక్తికి చట్టప్రకారం వివాహమైన భార్య అని ఈ కోర్టు ప్రకటిస్తోంది.

"నువ్వేటీ కలపనేదు కదా?"

"ఒక్క ముక్క కూడా కలపలేదక్కా. ఒట్టు."

ఇక తిప్పడానికి పేజీ లేదు. అక్క నా వైపు చూడలేదు. గోడ మీద, లారీ బానెట్టుకి ఆనుకుని నిలబడ్డ మనిషి ఫొటో వైపు చూసింది.

"ఇన్నావా?" అంది.