తెరకు అవతల కూర్చున్న ఇద్దరు

రెండు వారాల కింద, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, మా ఇంట్లో అందరూ కేబుల్‌లో వస్తున్న సినిమా ముందు కూర్చున్నారు. అందులో, ఇలాంటి సినిమాలన్నిటిలోనూ వచ్చినట్టే, మెడకు రుమాలు చుట్టుకుని, చప్పట్లు కొడుతూ, నడుము తిప్పుకుంటూ నడిచే ఒక మగమనిషి వచ్చాడు. వచ్చి హీరో భుజం మీద చెయ్యి వేశాడు, హీరో ఛీ అని దులిపేసుకున్నాడు, వెనక నుంచి వెకిలి సంగీతం మోగింది. మా ఐదేళ్ల కొడుకు లేచి, నా చున్నీ మెడకు చుట్టుకుని, ఆ నడకను అచ్చం అలాగే నడిచి చూపించాడు. మా అత్త కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. మా ఆయన మళ్లీ ఒకసారి చెయ్యమని వాణ్ణి ఉసిగొల్పాడు. గోడవారన కుర్చీలో మా చిన్నమామ, అంటే మా అమ్మకు తమ్ముడు, కూర్చుని ఉన్నాడు. అందరికంటే ముందు నవ్వింది ఆయనే.

ఎదుటివాళ్లు నవ్వబోతున్నారని పసిగట్టి ఒక్క క్షణం ముందే తాను నవ్వేయడం మామకు ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. కాసేపటికి డ్యూటీ ఉందని లేచాడు. ఆ రోజు ఆయనకు సెలవని మా అందరికీ తెలుసు. ఎప్పుడూ వచ్చే మనిషి తర్వాతి ఆదివారం రాలేదు. మామను తాత అని పిలిచే పిల్లవాడు ఆయన కోసం పొద్దంతా గేటు పట్టుకుని వేలాడాడు. ఆ సినిమాల గురించి నేను గట్టిగా ఒక మాట అంటే మా అత్త, "పోరడు నలుగురిని నవ్వించిండు, దానికి గింత లొల్లా?" అంది. మా ఆయన, "కామెడీనే గదనే, ఊకో" అన్నాడు. ఊకోవడం నా వల్ల కాలేదు. పిల్లవాడు పడుకున్నాక, బొగ్గుబాయి కాలనీల్లో పెరిగిన నా ఈడువాళ్లు ఎవరైనా చదివితే నా చిరాకు అర్థమవుతుందని రాస్తున్నాను.

ఎనభైలలో మేము గోదావరిఖనిలో ఉండేవాళ్లం. మా ఇళ్ల వరుసకు చివర రెండు గదుల క్వార్టర్‌లో చిన్నమామ ఉండేవాడు. బాయి లోపల బొగ్గు నింపే పని ఆయనది. ఆయనతో పాటు అదే క్వార్టర్‌లో ఒక దోస్తు ఉండేవాడు, బజారులో స్కూటర్లు బాగుచేసే తురక ఇంటి మనిషి, మేమంతా మెకానిక్ మామ అని పిలిచేవాళ్లం. ఎవరు ముందు ఇంటికి వస్తే వాళ్లు స్టవ్ వెలిగించేవారు. మామ ఫస్టు షిఫ్టుకు పోతుంటే మెకానిక్ మామ గుమ్మం దాకా వచ్చి టిఫిన్ డబ్బా చేతికిచ్చేవాడు, మా నాన్నకు మా అమ్మ ఇచ్చినట్టే. ఈ పోలిక అప్పుడు నాకు తట్టలేదు. తట్టినవాళ్లు ఉండే ఉంటారు, కానీ ఎవరి డ్యూటీ వాళ్లకు, ఎవరి అన్నం వాళ్లకు అన్నట్టు కాలనీ ఊరుకుంది.

బతుకమ్మ వచ్చిందంటే మా వరుసలో ఆడవాళ్లకు మామ కావాలి. మెకానిక్ మామ రామగిరి వైపు నుంచి సైకిల్ మీద తంగేడు, గునుగు మోపులు కట్టి తెచ్చేవాడు. మామ గునుగు పూలను కట్టలు కట్టి, చివర్లు సమానంగా కోసి, రంగు నీళ్లలో ముంచి ఆరబెట్టి, తాంబాలంలో వరుస మీద వరుస పేర్చేవాడు. బొగ్గు కోసిన గాట్లు నల్లగా మిగిలిపోయిన ఆ మొరటు వేళ్ల కింద ఒక్క రేకు నలిగేది కాదు. "అన్నా, ముందుగాల నాది పేర్చి పో, గామెది నిలువెత్తు చేసి నాది జానెడు చేస్తవేంది?" అని ఆడవాళ్లు తగాదా పడేవారు. మగవాడు బతుకమ్మ పేర్చడమేమిటని ఎవరూ నవ్విన గుర్తు లేదు. ఒగ్గు కథకు వచ్చిన మగవాళ్లు చీర కట్టుకుని ఆడవేషంలో ఏడిస్తే మా అమ్మమ్మ తాను కూడా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. మాకు ఆ నవ్వు అప్పటికింకా తెలియదు.

అప్పుడప్పుడు కాలనీ మైదానంలో రెండు గుంజలకు తెల్లటి తెర కట్టి సినిమా వేసేవారు. తెరకు ఇవతల సంసారులు చాపలు పరుచుకునేవారు, అవతల వైపు ఒంటరిగాళ్లు కూర్చునేవారు. మామ వాళ్లిద్దరూ అవతలే. నేనూ అటే పోయి వాళ్ల నడుమ కూర్చునేదాన్ని, ఎందుకంటే పల్లీలు వాళ్ల దగ్గర ఉండేవి. అటునుంచి చూస్తే అంతా తారుమారు, హీరోలందరూ ఎడమచేత్తో కొట్టేవారు, పేర్లు తిరగబడి పడేవి. "నాకు తెలుగు చదువ రాదు గద, ఉల్టా ఉంటే ఏంది, సీదా ఉంటే ఏంది!" అని మెకానిక్ మామ ప్రతిసారీ అనేవాడు, మామ ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వేవాడు.

అలాంటి ఒక రోజే మేము మొదటిసారి చూశాం, తెర మీద ఆ మనిషిని. అదే నడక, అదే రుమాలు, అవే చప్పట్లు. తెరకు ఇవతల నుంచి ఎవరో పడుచువాడు, "ఓ కాకా, ఓ మెకానిక్ భాయ్, మిమ్ముల సినిమాల పెట్టిండ్రే!" అని అరిచాడు. మైదానం మైదానమంతా నవ్వింది. నాకు ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. మామ అలా నడవడు, మెకానిక్ మామ అలా మాట్లాడడు. మామది బొగ్గు తట్ట ఎత్తే నడక. పోలిక ఎక్కడుంది? ఒక స్టవ్ మీద ఇద్దరు మగవాళ్లు వండుకు తింటున్నారని కాలనీకి ఎప్పుడో తెలుసు, తెలిసిన దాన్ని ఎట్లా ఎగతాళి చెయ్యాలో ఆ సినిమా నేర్పింది. మామ కూడా నవ్వాడు. మెకానిక్ మామ పల్లీల పొట్లం నా ఒళ్లో పెట్టి లేచి వెళ్లిపోయాడు.

ఆ యేడు బతుకమ్మకు మామ వాకిట్లో కూర్చుంటే రోడ్డు మీద పోయే పోరగాళ్లు ఆగి ఆ చప్పట్లే కొట్టారు. ఆయన సగం పేర్చిన బతుకమ్మను వదిలి చేతులు కడుక్కున్నాడు. మిగతాది మా అమ్మ పేర్చింది, వంకరగా వచ్చింది. కొన్నాళ్లకు మా నాన్న మెకానిక్ మామను ఇంటికి పిలిచి, చాయ్ ఇచ్చి, ఎంతో మర్యాదగానే చెప్పాడు: "ఏమనుకోకు భాయ్. మా అత్త వీనికి పెండ్లి సంబంధాలు చూస్తున్నది. నువ్వు గీడుంటే ఒక్కటి కుదురుతలేదు." ఆయన చాయ్ మొత్తం తాగి, "చాయ్ మస్తుగుంది అన్నా" అని గ్లాసు కింద పెట్టాడు. అంతే. ఆ వారమే మంచిర్యాల పక్కన నస్పూర్‌లో గది చూసుకున్నాడు. మామకు ఆ తర్వాత కూడా ఏ సంబంధమూ కుదరలేదు. అమ్మమ్మ అడిగితే, "నాకు షిఫ్టులే సరిపోతున్నయవ్వా" అనేవాడు. సెలవు దొరికితే మంచిర్యాల బస్సు ఎక్కేవాడు. ఎక్కడికని ఎవరూ అడగరు, ఆయనా చెప్పడు.

నేను పెద్దదాన్నయ్యాను, డిగ్రీ చదివాను, పెళ్లయింది, ఇంటింటికీ టీవీ వచ్చింది, ఆ టీవీలో ఇప్పుడు ఎన్ని చానళ్లో లెక్క లేదు. ఆ మనిషి మాత్రం వెంట్రుకంత మారలేదు. అదే రుమాలు, అదే సంగీతం, హీరో అదే ఛీ. ఇన్నేళ్లలో అతనికి ఒక పేరు పెట్టాలని గాని, ఒక తల్లి ఉంటుందని గాని, పొద్దున లేచి ఏదో ఒక డ్యూటీకి పోతాడని గాని రాసినవాళ్లకు తట్టలేదు. వస్తాడు, తిట్లు తింటాడు, పోతాడు. సీరియళ్లు చూద్దామంటే వాటిలో వందల మంది కుట్రలు చేస్తూ పట్టుచీరల్లో తిరుగుతారు గాని, షిఫ్టు దిగి వచ్చినవాడికి మరో మగవాడు అన్నం వడ్డించే ఇల్లు ఒక్కటి కనపడదు. ఆడవాళ్ల సంగతి అసలే లేదు, ఇద్దరు ఆడవాళ్లు కలిసి బతకడమన్నది ఎగతాళికి కూడా వాళ్ల బుర్రలోకి రాలేదు. కామెడీనే కదా అంటారు. ఆ కామెడీకి మా మామ ఇల్లు ఖాళీ అయింది, ఇప్పుడు అదే కామెడీని నా కొడుకు నేర్చుకున్నాడు.

నిన్న సాయంత్రం వాణ్ణి తీసుకుని నేనే గోదావరిఖని పోయాను. బస్సులో వాడికి ఏదో చెప్పాలని చూశాను. అలా నడిచి చూపించొద్దన్నాను. ఎందుకని అడిగాడు. తాతలాంటివాళ్లకు బాధ కలుగుతుందని చెప్పబోయి ఆగిపోయాను, ఎందుకంటే ఆ మాట చెబితే తాతను నేనే ఆ తెర మీది మనిషితో కలిపినట్టవుతుంది. అలాంటివాళ్ల గురించి నాకు తెలిసిన మాటలన్నీ తిట్లే. చదువుకున్నదాన్ని, నా కొడుకుకు ఇవ్వడానికి ఒక్క మంచి మాట నా దగ్గర లేకపోయింది.

క్వార్టర్ తలుపు తీసే ఉంది. మామ మంచం మీద శాలువా కప్పుకుని దగ్గుతున్నాడు. స్టవ్ దగ్గర గడ్డం నెరిసిన మెకానిక్ మామ కషాయం కాస్తున్నాడు. దగ్గు ఎక్కువైందని తెలిసి పది రోజుల కిందనే వచ్చాడట. పిల్లవాడు ఆయన్ను ఎగాదిగా చూసి, "తాతా, ఈయన ఎవలు?" అన్నాడు. మెకానిక్ మామ ఎప్పటి అలవాటుగా, "దోస్తుని బిడ్డా, తాత దోస్తుని" అన్నాడు. మామ దగ్గు ఆపుకుంటూ చెయ్యి అడ్డం పెట్టాడు. "దోస్తు కాదు బిడ్డా. మా ఇంటి మనిషి."

ఈసారి మామ నవ్వలేదు. ఎవరమూ నవ్వలేదు. పిల్లవాడు సరేనని తలూపి, బయట పెట్టిన స్కూటర్ ఎవరిదో, దాని మీద కూర్చోనిస్తారో లేదో అడిగాడు. వాడూ మెకానిక్ మామా బయటికి పోయారు. హారన్ మోత వినిపిస్తుంటే నేను స్టవ్ దగ్గర నిలబడి కషాయం పొంగకుండా చూశాను.

నా చిన్నప్పుడు మా నాన్న ముందు మామ ఆ మాట చెప్పలేకపోయాడు, చెప్పినా ఎవరూ వినేవారు కాదు. ఇప్పుడు చెప్పాడు, ఒక ఐదేళ్ల పిల్లవాడు విని తలూపాడు. మారింది ఇంతే, కానీ ఇదీ తక్కువేమీ కాదు. పొద్దున్నే మా అత్త మళ్లీ టీవీ పెడుతుంది. అందులో ఆ మనిషి మళ్లీ వస్తాడు. ఒక్క మాట అనడానికి మామకు జీవితంలో సగం పట్టింది, సినిమాలు తీసేవాళ్లకు ఇంకెంత పడుతుందో తెలియదు. అందాకా ఆగమంటే పిల్లలు ఆగుతారా, వాడు రోజురోజుకూ పెరుగుతున్నాడు.